మీ పిల్లి కనబడ్డదల్లా కొరుకుతోందా?

అటక మీద కొబ్బరికాయలూ, గదిలో ధాన్యం బస్తాలూ వున్న ఇంటికి ఎలకల బెడద తప్పదు. అందుకే కోనసీమ ఇళ్ళల్లో ఎవరూ పిలవకపోయినా పిల్లి ఒకటి వచ్చి చేరుతుంది. తోటలో తిరుగుతుంది, దొడ్లో వేటాడుతుంది, వంటింటి గడప దగ్గర కూర్చుని నాలుగు మెతుకులు తిని పోతుంది. అలాంటి పిల్లి ఇంట్లో వస్తువులు కొరికి పాడుచేసిందన్న ఫిర్యాదు తక్కువ. దాని పళ్ళకీ, గోళ్ళకీ కావలసినంత పని బయటే దొరుకుతుంది.

ఇప్పుడు రోజులు మారాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో కూడా గడప దాటని పెంపుడు పిల్లులు వచ్చాయి. పొడుగు బొచ్చు పర్షియన్ పిల్లిని కొనుక్కుని మురిపెంగా పెంచుకునే కుటుంబాలున్నాయి. వేట లేదు, తోట లేదు. నాలుగు గోడలూ, ఒక సోఫా, ఒక టీవీ. ఇక అక్కణ్ణుంచి ఫిర్యాదులు మొదలు. సెల్ ఫోన్ చార్జరు తీగ కొరికింది. పట్టుచీర అంచు నమిలింది. పిల్లల చెప్పుల వారు తెంపింది. "దీనికి తిండి ఏం తక్కువైంది?" అని ఇల్లాలు విసుక్కుంటుంది. ఇంటాయన చీపురు అందుకుంటాడు.

చీపురు వల్ల ప్రయోజనం లేదు. పిల్లి కొరకడం మీ మీద కోపంతో చేసే పని కాదు. పళ్ళు రావడమో, తిండి లోపమో, పొద్దు గడవకపోవడమో, ఒంట్లో జబ్బో దానికి కారణమై వుంటుంది. ఆ కారణాన్ని పట్టుకుంటే అలవాటు దారికి వస్తుంది. కొట్టడం వల్ల పిల్లికి తెలిసేది ఒక్కటే, మీరు చూస్తుండగా కొరకకూడదని. మీరు లేనప్పుడు మళ్ళీ మామూలే.

పోయిన చార్జరు మళ్ళీ కొనుక్కోవచ్చు. కానీ పిల్లి నమిలే వస్తువుల్లో కొన్ని దాని ప్రాణం తీసేవి వున్నాయి. చాలా ఇళ్ళల్లో భయపడవలసిన వస్తువును వదిలేసి, ఖరీదైన వస్తువు గురించి బాధపడుతుంటారు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడం ముఖ్యం.

ఉట్టి నేర్పే పాఠం

మన పెద్దవాళ్ళు పాలూ, పెరుగూ, వెన్నా ఉట్టి మీద పెట్టేవారు. పిల్లికి బుద్ధి చెప్పడానికి ప్రయత్నించలేదు, కుండను అందకుండా చేశారు. ఈనాటి పశువైద్యులు చెప్పే మొదటి సలహా కూడా ఇదే. కొరకకూడని వస్తువు అందకూడదు. కొరకదగిన వస్తువు ఎప్పుడూ అందుబాటులో వుండాలి. ఈ రెండూ కలిసి జరగాలి. మొదటిది మాత్రమే చేస్తే పిల్లి ఇంకో వస్తువు వెతుక్కుంటుంది.

వయసును బట్టి కారణం

మీ పిల్లి వయసు నాలుగు నుంచి ఏడు నెలల మధ్య వుంటే కంగారు పడకండి. పిల్లికూనకు పాలపళ్ళు 26 వుంటాయి. సుమారు మూడున్నర నాలుగు నెలల వయసులో అవి ఊడడం మొదలై, ఆరేడు నెలలకల్లా 30 శాశ్వత దంతాలు వస్తాయి. ఈ రోజుల్లో చిగుళ్ళు సలుపుతాయి. పళ్ళొచ్చే పసివాడు దొరికిందల్లా నోట్లో పెట్టుకున్నట్టే కూన కూడా నములుతుంది. చిన్న పన్ను ఒకటి నేల మీద దొరికినా, చిగురు నుంచి కాస్త రక్తం కనిపించినా భయపడనవసరం లేదు. శుభ్రమైన గుడ్డను తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో చల్లబరచి మీ కళ్ళ ముందు కాసేపు నమలనివ్వండి. పీలికలు ఊడుతుంటే వెంటనే తీసేయండి.

ఉన్ని దుప్పట్లు, స్వెట్టర్లు, మెత్తని బట్టలు చప్పరించడం ఇంకో రకం. తల్లి దగ్గర పాలు తాగిన అలవాటు ఇలా మిగిలిపోతుంది. సయామీ, బర్మీ జాతి పిల్లుల్లో ఇది ఎక్కువ. మరీ పసితనంలో తల్లి నుంచి విడదీసిన కూనల్లో కూడా చూస్తాం. అందుచేత కూనను తెచ్చుకునేవారు కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గర వుండనివ్వాలి. ముద్దుగా వుందని నెల కూనను తెచ్చుకోకండి. చప్పరించి వదిలేస్తే ఫరవాలేదు. గుడ్డ ముక్కలు కొరికి మింగుతుంటే మాత్రం ఆ బట్టలు బీరువాలో పెట్టి, పిల్లిని డాక్టరుకు చూపించాలి.

పెద్ద పిల్లి హఠాత్తుగా కొరకడం మొదలుపెడితే అది అలవాటు కాకపోవచ్చు. చిగుళ్ళ వాపు, పుచ్చిన పన్ను, కడుపులో పురుగులు, ఒంట్లో రక్తం తక్కువ కావడం, ఏదైనా కారణం వుండవచ్చు. మట్టి తినడం, గోడ పెచ్చులు నాకడం చేసే పిల్లి చిగుళ్ళు ఒకసారి చూడండి. గులాబి రంగులో వుండాలి. తెల్లగా పాలిపోయి వుంటే రక్తహీనత అని అనుమానించాలి. ఒళ్ళంతా గోమార్లు పట్టిన చిన్న కూనలకు ఆ గోమార్లు పీల్చిన రక్తం వల్లనే ఈ స్థితి రావచ్చు. పదేళ్ళు దాటిన పిల్లి విపరీతంగా తింటూ కూడా చిక్కిపోతుంటే థైరాయిడ్ గ్రంథి దోషమో, మధుమేహమో వుందేమో పరీక్ష చేయించాలి.

పెరుగన్నం చాలదు

మాంసాహారం ముట్టని ఇళ్ళల్లో పిల్లికి పాలూ, పెరుగన్నం పెట్టి పెంచుతుంటారు. తోటలో ఎలకనో, తొండనో పట్టుకునే పిల్లికి ఆ లోటు బయట తీరుతుంది. గదిలో వుండే పిల్లికి తీరే దారి లేదు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. దాని కంటికీ, గుండెకూ టారిన్ అనే పదార్థం తప్పనిసరి. చాలా జంతువులు దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. పిల్లికి ఆ శక్తి చాలదు, తిండిలోంచే అందాలి. అది మాంసంలో, చేపలో వుంటుంది. బియ్యంలో, పప్పులో వుండదు. టారిన్ లోపిస్తే పిల్లి కంటిలోని రెటీనా దెబ్బతింటుందని 1975లోనూ, గుండె కండరం బలహీనపడుతుందని 1987లోనూ అమెరికా శాస్త్రజ్ఞులు నిరూపించారు. గుండె జబ్బును త్వరగా కనిపెడితే చాలావరకు బాగు చేయవచ్చు. పోయిన చూపు మాత్రం తిరిగిరాదు.

గోదావరి పక్కన వున్నాం గనుక చేపలకు కొదవ లేదు. పులసే పెట్టనక్కరలేదు, చవక చేప చాలు. ఉప్పూ, కారం, పసుపూ లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను పాడుచేసే గుణం వుంది కాబట్టి పచ్చిది పెట్టవద్దు. ఎండుచేపలో ఉప్పు ఎక్కువ. రోజూ చేప ఒక్కటే కాకుండా ఉడికించిన కోడి మాంసం, కోడిగుడ్డు కూడా మార్చి మార్చి పెట్టాలి. ఇంట్లో వండడం ఇష్టం లేనివారికి దుకాణాల్లో పిల్లుల కోసం తయారైన ఆహారం దొరుకుతుంది. కుక్కల ఆహారం మాత్రం పిల్లికి సరిపోదు. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర అన్నంలో కలిపి పెట్టకండి. అవి పిల్లి రక్తకణాలను చిట్లగొడతాయి.

రోజంతటి తిండీ ఒకేసారి పెట్టి వెళ్ళిపోయే కన్నా నాలుగైదు భాగాలు చేసి పెట్టడం మంచిది. ఆకలితో వున్న పిల్లి నోటికి అందిందల్లా కొరికి చూస్తుంది.

అన్నిటికన్నా ప్రమాదం - దారం

ఇంట్లో పిల్లికి శత్రువు ఏదంటే చాలామంది కరెంటు తీగ అంటారు. అది నిజమే. కానీ అంతకన్నా మోసకారి దారప్పోగు. పిల్లి నాలుక మీద గరుకైన ముళ్ళుంటాయి. వాటి మొనలు గొంతు వైపు తిరిగి వుంటాయి. అందుకే నోట్లో చిక్కుకున్న దారాన్ని పిల్లి సులభంగా ఉమ్మలేదు. అలా అలా లోపలికే పోతుంది.

దారం ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకునో, జీర్ణకోశం చివర ఇరుక్కునో ఆగిపోయి, రెండో కొస పేగుల్లోకి దిగిందనుకోండి. పేగులు దాన్ని ముందుకు నెట్టాలని చూస్తాయి, అది కదలదు. లంగా బొందు లాగితే గుడ్డ కుచ్చులు పడినట్టు పేగు దారం మీద కుచ్చులు పడుతుంది. బిగుసుకున్న దారం రంపంలా పేగును కోస్తుంది. చిల్లు పడిందంటే ఆపరేషన్ చేసినా బతకడం కష్టమవుతుంది.

మన ఇళ్ళల్లో దారాలకు లోటా? జాజులూ, కనకాంబరాలూ మాల కట్టిన దారం, వాడిపోయాక తీసి పారేసిన దండ, అరటి నార, కుట్టు మిషను కింద రాలిన పోగులు, మిఠాయి పొట్లానికి కట్టిన పురికొస, సంక్రాంతి గాలిపటం దారం, తీర్థంలో పిల్లలు కొనుక్కున్న రిబ్బన్లు, బుడగలు, చూరులో దోపిన గేలం. మాంసం, చేప కట్టి తెచ్చిన దారానికైతే వాసన కూడా వుంటుంది. పిల్లి వదలదు. కొబ్బరి పీచు తివాచీ మీద గోళ్ళు గీరుకుంటే నష్టం లేదు. పీచు లాగి మింగుతుంటే మాత్రం తివాచీని తీసేయాలి. వాడిన పూలదండలూ, దారాలూ మూత వున్న డబ్బాలో వేయడం ఈ రోజు నుంచే అలవాటు చేసుకోండి. సూదిలో దారం వుంచి సూదిని దిండుకు గుచ్చవద్దు. దారంతో పాటు సూది కూడా పిల్లి కడుపులోకి పోతుంది.

దారం మింగిన పిల్లి మళ్ళీ మళ్ళీ వాంతి చేసుకుంటుంది. తిండి మానేసి ఒక మూల నక్కుతుంది. చొంగ కారుస్తుంది, పంజాతో నోరు గీరుకుంటుంది. కడుపు ముడితే అరుస్తుంది. అప్పుడు నోట్లోంచి గానీ, ఆసనం నుంచి గానీ దారం కొస కనిపించినా లాగకండి. ఇది ప్రతి ఇంట్లో అందరికీ తెలియాలి. లాగితే లోపల పేగు తెగుతుంది. ఆముదం పట్టవద్దు. అన్నం ముద్దలు, అరటిపండు మింగించవద్దు. దారం కొసను అలాగే వుంచి, వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ఎక్స్‌రే, స్కానింగ్ అవసరమవుతాయి. ఆపరేషన్ కూడా కావచ్చు. మొదటి రోజు తెచ్చిన పిల్లికీ, నాలుగో రోజు తెచ్చిన పిల్లికీ బతికే అవకాశంలో చాలా తేడా వుంటుంది.

కరెంటు తీగలు

తీగ కొరికిన పిల్లి కొట్టుకుంటూ కనిపిస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఆ తర్వాతే పిల్లిని ముట్టుకోండి. తొందరపడితే షాకు మీకూ తగులుతుంది. పిల్లి లేచి తిరుగుతోంది కదా అని ఊరుకోవద్దు. నోరు, నాలుక కాలి వుండవచ్చు. కొన్ని గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

పని అయిపోగానే చార్జరును ప్లగ్గు నుంచి తీసి సొరుగులో పెట్టండి. టీవీ, ఇన్వర్టర్, ఫ్రిజ్ తీగలను ప్లాస్టిక్ గొట్టంలోంచి పోనిచ్చి గోడకు బిగించండి. వేలాడుతూ ఊగే తీగ పిల్లి కంటికి తొండ తోకలా కనిపిస్తుంది. బిగించి వున్న గొట్టం మీద దానికి ఆసక్తి వుండదు.

మొక్కల విషయం

కడియం నర్సరీలు దగ్గరే కాబట్టి మన ఇళ్ళ వసారాల్లో పూలకుండీలకు కొదవ లేదు. వాటిలో కొన్ని పిల్లికి విషం. గన్నేరు గుండెను దెబ్బతీస్తుంది. ఈతచెట్టులా అందంగా కనిపించే సైకస్ కాలేయాన్ని పాడుచేస్తుంది. మనీ ప్లాంటు, డైఫెన్‌బేకియా ఆకులు నమిలితే నోరు మండి వాచిపోతుంది.

లిల్లీల విషయంలో ఒక గందరగోళం వుంది. మన పూలకొట్లలో లిల్లీ పేరుతో అమ్మే తెల్లని సువాసన పూవు నేల సంపెంగ. అది అసలు లిల్లీ కుటుంబానిది కాదు. పిల్లికి ప్రాణాంతకమైనవి బొకేల్లో పెట్టే పెద్ద రేకుల లిల్లీలూ, తోటల్లో పెంచే డే లిల్లీలూ. వాటి ఆకు, పూవు, పుప్పొడి, చివరకు పూలు పెట్టిన గ్లాసులోని నీళ్ళు కూడా పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో పాడుచేస్తాయి. పెళ్ళిలో ఇచ్చిన బొకేను ఇంటికి తెచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. పిల్లి ఆ పూలు కొరికినట్టు తెలిస్తే జబ్బు లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఆకు నమలాలన్న కోరిక పిల్లికి సహజమే. మట్టి మూకుట్లో గుప్పెడు గోధుమలు చల్లి మొలకెత్తనివ్వండి. వారం పది రోజుల్లో పచ్చని గడ్డి వస్తుంది. పిల్లికి అదొక తోట. బయటి గరిక కోసి తెస్తే పురుగుమందు, కలుపుమందు కొట్టని చోటు చూసి కోయండి.

కొరకడానికి, ఆడడానికి

పిల్లికి వేట పొట్ట నింపుకునే పనే కాదు, పొద్దు గడిపే పని కూడా. ఇంట్లో వుండే పిల్లికి ఆ పని మనం కల్పించాలి. రోజుకు రెండు మూడుసార్లు, తిండి పెట్టే ముందు పది పదిహేను నిమిషాలు ఆడించండి. పొంచి వుండడం, దూకడం, పట్టుకోవడం, తినడం, పడుకోవడం - పిల్లి దినచర్య ఈ వరసలో నడుస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇలా ఆడించి తిండి పెడితే అర్ధరాత్రి అల్లరి కూడా తగ్గుతుంది.

ఆటవస్తువులకు డబ్బు పోయనక్కరలేదు. కాగితం ఉండ, టేబుల్ టెన్నిస్ బంతి, ఖాళీ అట్టపెట్టె చాలు. అంచులు నున్నగా చేసిన కొబ్బరి చిప్పను బోర్లించి, కింద నాలుగు చేప ముక్కలు దాచండి. పిల్లి దాన్ని తిరగేసి తినడానికి తంటాలు పడుతుంది. ఆ తంటాయే దానికి ఆనందం. కర్రకు దారం కట్టి ఆడించే బొమ్మ అయితే ఆట కాగానే తీసి దాచేయండి.

మన పెరళ్ళల్లో వానలు పడగానే మొలిచే కుప్పింటాకు మొక్కను పీకి చూడండి. దాని వేరు వాసనకు చాలా పిల్లులు మైమరచి దొర్లుతాయి. విదేశాల్లో క్యాట్‌నిప్ అనే మొక్క చేసే పనే ఇది. వేరును కడిగి, గట్టి గుడ్డ సంచిలో కుట్టి వారానికి ఒకసారి ఆటకివ్వవచ్చు. వాసనకే గానీ తినడానికి కాదు. ఆట కాగానే తీసేయండి.

కొరకకూడనిది కొరుకుతుంటే కేకలు వేయకండి, వెంటపడకండి. వెంటపడితే పిల్లి దాన్ని ఆట అనుకుంటుంది. మెల్లగా చప్పట్లు కొట్టి, దాని దృష్టి మళ్ళించి, బొమ్మను ముందుకు విసరండి. బొమ్మను పట్టుకోగానే ఒక చేప ముక్క పెట్టండి. ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి. నాన్నగారు అదిలించి, నాయనమ్మ ఊరుకుంటే పిల్లికి ఏమీ అర్థం కాదు.

చేయకూడని పనులు

తీగలకు కారం, కిరోసిన్ పూయడం, బట్టల మధ్య కర్పూరం, యూకలిప్టస్ నూనె వుంచడం కొందరు చేస్తారు. పిల్లి తన ఒంటిని తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. ఒంటికి ఏది అంటినా కడుపులోకి చేరుతుంది. కర్పూరం, ఘాటు నూనెలు, తలనొప్పి బామ్‌లు పిల్లికి విషం. నేల తుడిచే ఫినాయిల్ కూడా అంతే. దాని లివరు వీటిని విరగ్గొట్టలేదు. నొప్పిగా వుందేమోనని మనుషుల మాత్రలు ఇవ్వకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు?

మింగకూడనిది మింగిందని తెలిసినా, మళ్ళీ మళ్ళీ వాంతులైనా, ఒక రోజంతా తిండి ముట్టకపోయినా, మూత్రం రాక అవస్థ పడుతున్నా ఆలస్యం చేయకండి. మీకు దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాల ఎక్కడో, ఎక్స్‌రే, ఆపరేషన్ సౌకర్యాలు ఏ ఊళ్ళో వున్నాయో ముందే కనుక్కుని ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి. ఏటి పాయ దాటి రావలసిన లంక గ్రామాల వారికి ఇది మరీ అవసరం. రాత్రివేళ పంటు దొరకదు.

ఇంకొక మాట. నెమ్మదైన పిల్లి ఉన్నట్టుండి ఎదురుపడిన వస్తువునల్లా, మనుషులనూ కరుస్తూ, చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తుంటే రేబిస్‌ను అనుమానించాలి. దాన్ని చేతులతో పట్టుకోకండి. ఏ పిల్లి కరిచినా, పంటి గాటు చిన్నదైనా, కొళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. గాయానికి పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు. రేబిస్ వచ్చాక మందు లేదు, రాకుండా చూసే టీకా మాత్రం వుంది. మీ పిల్లికి మూడు నెలల వయసులో ఆ టీకా వేయించి, ఏడాదికి మళ్ళీ వేయించండి. ఆ తర్వాత ఎప్పుడెప్పుడన్నది డాక్టరు చెబుతారు.

ఈ సాయంత్రం ఒక పని చేయండి. నేల మీద కూర్చుని, పిల్లి ఎత్తు నుంచి మీ ఇంటిని ఒకసారి చూడండి. మంచం కింద దారం ఉండ, బల్ల కింద వేలాడే తీగ, తలుపు పక్కన పడేసిన వాడిన మాల - నిలబడితే కనిపించనివన్నీ కనిపిస్తాయి. వాటిని ఏరి పైన పెట్టండి. మీరు కట్టే ఉట్టి అదే.